సొరంగం వచ్చాక చెప్పు

మొన్న మా మిక్సీ కాలిపోయింది. నందిగామ బస్టాండు వెనక రిపేరు కొట్టుకి పట్టుకెళ్తే, అతను దాని అడుగు విప్పి, వాసన చూసి, "దీన్ని ఖాళీ జారుతో తిప్పుతారాండీ మీరు? మోటారు ఇప్పుడు పోయింది కాదు. ఎప్పట్నించో దెబ్బతిని ఉంది" అన్నాడు. ఖాళీగా తిప్పిన మనిషి పోయి ఏడాది దాటిందని చెప్పాను. అతను నా వంక అదోలా చూసి, కొత్తది కొనుక్కోమన్నాడు.

ఆ మనిషి మా వదినగారు, అంటే మా ఆయన అక్కగారు. ఆవిడకి చెవుడు. ఆ మాట ఆవిడ ముందు అనకూడదు. "నాకు బాగానే వినపడుద్ది. మీకే చెప్పడం చాతకాదు" అనేది. అందులో కొంత నిజం కూడా ఉండటం మా ఖర్మ. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పక్కన నిలబడి గొంతు చించుకున్నా ఆవిడకి సగం మాటే అందేది. చుట్టూ పెద్ద మోత ఉంటే మాత్రం మాట పొల్లు పోకుండా పట్టుకునేది. విజయవాడలో చెవి డాక్టరు ఒకసారి బొమ్మ వేసి మరీ చెప్పాడు. లోపల చిన్న ఎముక బిగుసుకుపోయిందట. ఇలాంటివాళ్ళకి మోత మనకి అడ్డం పడినంతగా అడ్డం పడదట. పైగా ఆ మోతలో మనమే గొంతు పెంచి మాట్లాడతాం కాబట్టి మాట అందుతుందట. ఆపరేషను చేస్తే నయమవుతుందన్నాడు. "చెవి కోయించుకోడానికి నాకేం ఖర్మ పట్టింది?" అని ఆవిడ లేచి బయటికి వచ్చేసింది. చెవిలో పెట్టుకునే మిషను కొనిచ్చాం. అందులో గిన్నెల చప్పుడు తప్ప మనుషులు వినపడటం లేదని దాన్ని తీసుకెళ్ళి పోపుల పెట్టెలో పడేసింది.

అందుకని మా వంటింట్లో మిక్సీ తిరిగేది. అన్నయ్యగారు, అంటే ఆవిడ భర్త, పోయాక వదినగారు జగ్గయ్యపేటలో సొంత ఇంట్లో ఒక్కతే ఉండేది. పిల్లల్లేరు. తోచనప్పుడల్లా బస్సెక్కి మా ఇంటికి వచ్చేసేది. ఆ బస్సులో కూడా ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నా డ్రైవరు పక్కన ఇంజను మీదకే వెళ్ళి కూర్చునేది. దిగేటప్పటికి డ్రైవరు సంసారం మొత్తం ఆవిడకి తెలిసిపోయి ఉండేది. నేను రోజంతా బడిలో పిల్లలకి లెక్కలు చెప్పి, గొంతు పోగొట్టుకుని ఇంటికి వచ్చేసరికి ఆవిడ వంటింట్లో సిద్ధంగా ఉండేది. చెప్పులైనా విడవకముందే మిక్సీ మీట నొక్కి, "ఆఁ, ఇప్పుడు చెప్పు. ఏంటి విశేషాలు?" అనేది. జారులో పప్పూ ఉండేది కాదు, చట్నీ ఉండేది కాదు. బరబరమని ఖాళీగా తిరుగుతుండేది. నేను దాని మీద నుంచి అరవాలి.

ఆవిడ అరవదు. అదీ అసలు బాధ. చెవుడున్నవాళ్ళు గట్టిగా మాట్లాడతారని లోకం అనుకుంటుంది కదా, వదినగారిది మాత్రం గుడిలో పక్కవాళ్ళతో మాట్లాడే గొంతు. ఆవిడ గొంతు ఆవిడకి లోపల్నుంచి గట్టిగానే వినిపించేదట. దాంతో నేను చెప్పింది ఆవిడకి వినపడేది గానీ, ఆ మిక్సీ మోతలో ఆవిడ చెప్పింది నాకు వినపడేది కాదు. "ఏంటి వదినగారూ?" అంటే మొహం చిట్లించి, "నీక్కూడా చెవులు పోయినయ్యా ఏంటే?" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

మిక్సీ కట్టేస్తే ఇంకో బాధ. అప్పుడు నేను అరిచే అరుపు వీధి చివరిదాకా పోయేది. మా ఆయన బీపీ ఎంతుందో, మా ఇంట్లో ఏం వండుతున్నామో మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఒకసారి "ఇవ్వాళ వంకాయ కూర వదినగారూ!" అని నేను మూడుసార్లు అరిచాను. ఎదురింటావిడ గేటు దగ్గర నుంచి, "వంకాయ కాదండీ, పొద్దున మీరు కొన్నది దొండకాయ. నేనూ కొన్నాగా" అని సరిదిద్దింది. వదినగారికి అదీ వినపడలేదు. నేనెందుకు తల కొట్టుకుంటున్నానో అర్థంకాక నా నుదురు పట్టుకు చూసి, జ్వరం లేదంది.

ఇలాంటి ఇంట్లో గుట్టు అనేది సాగదు. వదినగారికి ఒక మాట చెప్పడమంటే ఊరందరికీ చెప్పడమే. అందుకని మేమందరం నెమ్మదిగా ఒక అలవాటుకి వచ్చేశాం. పెద్ద విషయాలు ఆవిడకి తర్వాత చెబుదాంలే అనుకునేవాళ్ళం. ఆ తర్వాత ఎప్పుడో చెప్పేవాళ్ళం, లేకపోతే ఆవిడే తెలుసుకునేది. అన్నయ్యగారు తను పనిచేసే బడిలో కుప్పకూలిపోయిన రోజున కూడా అంతే జరిగింది. ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. ఇంటినిండా జనం చేరారు. ఆవిడ చెవి దగ్గర ఆ మాట అరవడానికి ఒక్కళ్ళకీ నోరు రాలేదు. ఇంటి ముందు షామియానా వాడు గుంజలు దింపుతుంటే అరుగు మీద నుంచి చూసి తెలుసుకుంది.

సొరంగాల పిచ్చి మాత్రం అన్నయ్యగారి చలవే. పెళ్ళయిన కొత్తలో ఆయన గిద్దలూరులో టీచరు. అప్పటికే ఆవిడకి చెవుల్లో ఏదో మొదలైంది గానీ పైకి చెప్పలేదు. ఆయన చెప్పేది సగం అందక, మిగతా సగం ఊహించుకుని తల ఊపుతూ సంసారం చేసేది. ఒకసారి నంద్యాల వెళ్దామని ఇద్దరూ రైలెక్కారు. అప్పట్లో నల్లమల అడవిలోంచి మీటరు గేజి మీద బొగ్గు బండి వెళ్ళేది. దిగువమెట్ట దాటాక కొండలో తెల్లవాళ్ళ కాలంనాటి సొరంగం ఉంది. బండి అందులోకి పోగానే జనం గబగబా కిటికీ తలుపులు దించేశారు. చీకటి, పొగ, చెవులు చిల్లులు పడే మోత. ఆ మోతలో అన్నయ్యగారు వంగి, "పొయ్యి మీద పాలు దించావా?" అని అడిగారు.

ఆ ఒక్క ముక్కా ఆవిడకి స్పష్టంగా వినపడింది. పెళ్ళయ్యాక ఆయన నోటి నుంచి మొదటిసారి పూర్తిగా విన్న మాట అదేనట. "దించలేదు. అయినా ఎంత బాగా అడిగాడో!" అని ఈ కథ నాకు కొన్ని వందలసార్లు చెప్పి ఉంటుంది. ప్రతిసారీ మొహం కొత్తపెళ్ళికూతురిలా అయిపోయేది. అంత మోత ఎక్కడున్నా ఆవిడకి ఎవరి మాటైనా వినపడుతుందని నేను ఎంత చెప్పినా ఒప్పుకునేది కాదు. మహిమంతా సొరంగానిదే అనేది. "ఆ రాయిలో ఉందే. తెల్లోడు చూసి మరీ తొలిచాడు." జగ్గయ్యపేట మనిషి కదా, పుట్టినప్పటి నుంచి సున్నపురాయి క్వారీలు చూసింది. రాయి సంగతి తనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నమ్మకం. మా ఊరి రాయికి ఆ గుణం లేదని, నల్లమల రాయికే ఉందని తేల్చేసింది. సొంత ఊళ్ళో సిమెంటు మోసే గూడ్సు బళ్ళు తప్ప మనుషులెక్కే రైలు లేదని ఒక ఏడుపు, అక్కడ ఒక్క సొరంగమైనా లేదని ఇంకో ఏడుపు.

దాంతో ఏటా మాకు మహానంది యాత్ర. మా బంధువులందరూ వదినగారికి ఎంత భక్తో అనుకునేవాళ్ళు. మహానందిలో ఆవిడ పది నిమిషాలుంటే గొప్ప. కోనేటి నీళ్ళు నెత్తిన చల్లుకుని, దణ్ణం పెట్టి, "పదండి, బండి టైమవుతుంది" అనేది. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి సొరంగాల్లోంచి పోవడమే ఆవిడ యాత్ర. లైను మార్చినప్పుడు పాత సొరంగాన్ని వదిలేసి వేరేచోట తొలిచారు గానీ, ఆ కొత్తవాటితో కూడా ఆవిడ సర్దుకుంది. ఏడాది పొడుగునా మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులు, ఎవరి పెళ్ళి ఎందుకు తప్పిపోయింది, ఏది చెప్పబోయినా "ఇక్కడొద్దు. సొరంగం వచ్చాక చెప్పు" అనేది. పోయేటప్పుడు దిగువమెట్ట, వచ్చేటప్పుడు గాజులపల్లె దాటామంటే కొంగు నెత్తిన కప్పుకుని, పెట్టెలో ఉన్న కిటికీలన్నీ దించడానికి బయల్దేరేది. కరెంటు బండికి పొగ ఉండదని చెప్తే వినదు. అడవి చూద్దామని కిటికీల దగ్గర కూర్చున్నవాళ్ళు పోట్లాటకి వచ్చేవాళ్ళు. వాళ్ళు తిట్టేది ఆవిడకి వినపడేది కాదు కాబట్టి, క్షమించమని అడిగే పని నాది.

తర్వాత ఆవిడ చిక్కిపోవడం మొదలైంది. అన్నం సయించడం లేదంది. విజయవాడ తీసుకెళ్ళి పరీక్షలన్నీ చేయించాం. డాక్టరు కాగితాలు చూసి, మా ఆయన వంకా నా వంకా తిరిగి మెల్లగా చెప్పాడు. కడుపులో కేన్సరు. ముదిరిపోయింది. ఆపరేషను వల్ల ప్రయోజనం లేదు. వదినగారు మా మధ్యనే కుర్చీలో కూర్చుని డాక్టరు బల్ల మీదున్న ప్లాస్టిక్ గుండె బొమ్మ చూస్తోంది. బయటికి రాగానే మా ఆయన, "అక్కకి చెప్పొద్దు. తట్టుకోలేదు" అన్నాడు. తట్టుకోలేనిది ఎవరో నాకు తెలుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం మిక్సీ తిరిగింది.

"ఏమన్నాడే?"

"గ్యాసంటండీ! మందులిచ్చాడు!"

"గ్యాసుకి ఇన్ని పరీక్షలెందుకే?"

ఆవిడ మిక్సీ కట్టేసి, ఆ నిశ్శబ్దంలో తన చిన్న గొంతుతో అంది: "మీ అన్నయ్యగారి సంగతి నాకు షామియానావాడు చెప్పాడు. నా సంగతి కూడా వాడే చెప్పాలా ఏంటే?" ఇప్పుడు నేనేం చెప్పినా ఆవిడకి వినపడదు, వీధికి వినపడుతుంది. ఆవిడే, "మహానంది వెళ్దాం. తమ్ముడికి చెప్పు" అంది.

మా ఆయనకి విషయం అర్థమైపోయింది. రైల్లో తీసుకెళ్తే సొరంగంలో నిలదీస్తుందని తెలుసు. "ఒంట్లో బాలేదు కదా, హాయిగా కార్లో పోదాం" అని మంచిమాటలు చెప్పి కారు మాట్లాడాడు. తమ్ముడు తెలివిమంతుడైతే అక్క రెండాకులు ఎక్కువే చదివింది. గిద్దలూరు దాటి ఘాటెక్కాక కారాపించి, పాత సొరంగం చూడాలంది. నడవలేవంటే దిగి నడవడం మొదలుపెట్టింది. అడవి చెక్‌పోస్టు దగ్గర మా ఆయన ఎంతో బతిమాలితే, పెద్దావిడ ముఖం చూసి, తొందరగా వచ్చెయ్యమని వదిలారు. పట్టాలు ఎప్పుడో పీకేసిన దారిలో కంకర మీద ఆవిణ్ణి చెరోవైపు పట్టుకుని నడిపించాం. ఆ ఎండలో నాకు ఇద్దరి మీదా పీకలదాకా కోపం ఉంది.

సొరంగం నోరు రాతి కట్టడంతో ఇంకా దిట్టంగానే ఉంది. లోపలికి వెళ్తే గబ్బిలాల కంపు. ఎక్కడో నీటిచుక్కలు రాలుతున్నాయి. ఆనాటి ఇంజన్ల మసి ఇప్పటికీ గోడకి అంటుకునే ఉంది. వదినగారు చేత్తో రాసి, నల్లబడిన వేళ్ళు ఫోను వెలుగులో చూసుకుని మురిసిపోయింది. తర్వాత తమ్ముడి రెండు భుజాలూ పట్టుకుని, "ఇప్పుడు చెప్పరా. డాక్టరు ఏమన్నాడు?" అంది.

రైలు లేదు, మోత లేదు. సూది కింద పడితే వినపడేంత నిశ్శబ్దం. నాకైతే వినపడేంత. మోత లేనిదే ఆవిడకి వినపడదని ఆయనకి కూడా తెలుసు. తెలిసే నోరు విప్పాడు. "అక్కా, అది గ్యాసు కాదక్కా. కేన్సరు. ఇంకేం చెయ్యలేమన్నారక్కా. నీకెలా చెప్పాలో తెలియక చస్తున్నా" అని ఉన్నదంతా మామూలు గొంతుతో చెప్పేసి బావురుమన్నాడు. ఇన్నాళ్ళూ నా నోరు నొక్కిన మనిషి, చెప్పాల్సినదంతా వినపడని చోట చెప్పుకుని బరువు దించుకున్నాడు. ఫోను వెలుగు నేల మీద ఉంది, పైన చీకట్లో ఆయన కన్నీళ్ళు కూడా ఆవిడకి కనపడలేదు.

"గట్టిగా చెప్పరా, వినపళ్ళా" అంది ఆవిడ.

ఆయన చెప్పలేదు. ఆవిడ ఇంకొంచెం లోపలికి నడిచి, గోడకి చెవి ఆనించి నిలబడి, వెనక్కి వచ్చి, "బళ్ళు తిరక్కపోయేసరికి దీని మహిమ పోయిందే" అంది. ఫోను ఎత్తి ఆ ముఖంలో నిరాశ చూస్తే నాకు ఏడుపొచ్చింది. అంతలోనే మా ఆయన మీద కోపం కూడా వచ్చింది. మహానంది చేరగానే ఆవిడ కారు వెనక్కి పంపించేసింది. మర్నాడు నంద్యాల్లో ముగ్గురం రైలెక్కాం.

మా ఎదుటి సీట్లో ఒక కుటుంబం, ఇద్దరు పిల్లలు. సొరంగం వస్తే అరవాలని వాళ్ళు నంద్యాల నుంచే గొంతులు సవరించుకుంటున్నారు. గాజులపల్లె దాటింది. వదినగారు కొంగు కప్పుకుంది. కిటికీలు దించడానికి మాత్రం లేవలేదు, ఓపిక లేదు. నేనే లేచి మా కిటికీ దించాను. బండి సొరంగంలోకి పోయింది. పిల్లలు ఓ అని అందుకున్నారు. వదినగారు ఈసారి తమ్ముడి వైపు తిరగలేదు. నా మణికట్టు పట్టుకుని ఏదో అడిగింది. ఆ మోతలో నాకు వినపడలేదు గానీ, ఏమడిగిందో పెదాల్లోనే తెలుస్తోంది. కింద నుంచి మా ఆయన నా కాలు తొక్కాడు. నేను కాలు లాక్కుని, బడిలో ఆఖరి బెంచీకి చెప్పినట్టు శక్తంతా పెట్టి అరిచాను.

"గ్యాసు కాదు వదినగారూ! కేన్సరు! ఆపరేషను కుదరదన్నారు! ఇంక బతక..."

బండి సొరంగంలోంచి బయటపడింది. నా అరుపు మాత్రం ఆగలేదు. ఆ సగం మాట పెట్టెలో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వినపడింది. పిల్లలు నోళ్ళు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఉండిపోయారు. వాళ్ళమ్మ చేతిలో ఇడ్లీ పొట్లం అలాగే ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు.

"అంత అరుస్తావెందుకే?" అంది వదినగారు. "వినపడుతుందిగా."

మణికట్టు వదల్లేదు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సంచిలోంచి చేగోడీల డబ్బా తీసి ఆ పిల్లలిద్దరికీ తలా గుప్పెడు పెట్టి, తర్వాత తమ్ముడి నెత్తి మీద ఒకటి మొట్టి, "గ్యాసంటార్రా దీన్ని?" అంది. ఆయన పిల్లాడిలా ఏడుస్తూనే ఉన్నాడు.

ఇంకో సొరంగం వచ్చింది. ఈసారి పిల్లలు అరవలేదు, వాళ్ళమ్మ నోరు మూయించింది. అయినా బండి మోత బండి మోతే. వదినగారు తమ్ముడి తల పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఆయన ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. అరవడం లేదు, పెదాలు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి. ఆవిడ ఆఁ, ఆఁ అన్నట్టు తల ఊపుతోంది. తర్వాత ఆవిడ ఆయన చెవిలో నోరు పెట్టి ఏదో చెప్పింది. ఆయన ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వాడు. ఆవిడా నవ్వింది. సొరంగమంతా వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. నేను పక్కనే మోచేతులు తగిలేంత దగ్గర్లో, నిక్షేపంలాంటి రెండు చెవులు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క ముక్క అందితే ఒట్టు.

వెలుతురొచ్చాక, "ఏమన్నాడు వదినగారూ?" అని అరిచాను.

ఆవిడ నా మోకాలు తట్టి, "ఏం లేదులే. ఇంటికెళ్ళాక చెప్తా" అంది.

ఇంటికెళ్ళాక చెప్పలేదు. తర్వాత కొన్ని నెలలు మా ఇంట్లోనే ఉంది, మిక్సీ వేసుకుని లోకంలో సంగతులన్నీ చెప్పింది, అదొక్కటీ చెప్పలేదు. పోయేదాకా అడుగుతూనే ఉన్నాను. ఆవిడ పోయాక ఆయన్ని అడగడం మొదలుపెట్టాను. నిన్న కూడా అడిగాను. పేపరు మీద నుంచి తలెత్తకుండా, "ఏదో మామూలు మాటేలేవే" అన్నాడు.

మామూలు మాటైతే నాకూ చెప్పొచ్చుగా!